కదిలితే తగ్గే నడుము నొప్పి

నడుము నొప్పి అంటే మన ప్రాంతంలో ఎవరూ ఆశ్చర్యపడరు. సారంగాపూర్, జగిత్యాల, కోరుట్ల వైపు ఇండ్లలో ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకొని పొద్దంతా వంగి బీడీలు చుడతారు. సిరిసిల్లలో సాంచాల దగ్గర షిఫ్టు షిఫ్టంతా నిలబడతారు. నాట్లప్పుడు, పసుపు తవ్వేటప్పుడు సాయంత్రానికి నడుము నిలబడదు. గల్ఫ్ నుండి వచ్చిన పిల్లలు బరువులు మోసి మోసి వస్తారు. అందుకే పాతికేళ్ళ అమ్మాయి నడుము నొప్పి అంటే "బీడీల నొప్పి" అంటాము, అబ్బాయి అంటే "దుబాయి నొప్పి" అంటాము. ఒక సూది వేయించి ఊరుకుంటాము. చాలామంది విషయంలో ఆ మాట నిజమే. కొద్దిమంది విషయంలో కాదు. ఆ కొద్దిమందిని ఎలా గుర్తుపట్టాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా కీళ్ళ చప్పుడు సంగతి. "సిస్టర్, లేస్తే కూర్చుంటే మోకాళ్ళు టకటకమంటున్నయి, గుజ్జు అయిపోయిందా?" అని కాలేజీ పిల్లలు కూడా అడుగుతున్నారు. నొప్పి, వాపు లేకుండా ఒట్టి చప్పుడే అయితే భయపడనక్కర లేదు. కీలు లోపల నూనె లాంటి ద్రవం ఉంటుంది, అందులో గాలి కరిగి ఉంటుంది. మెటికలు విరిచినప్పుడు కీలు ఒక్కసారిగా సాగి, లోపల ఒత్తిడి పడిపోయి, గాలి బుడగ ఏర్పడుతుంది. ఆ చప్పుడు అదే. 2015లో కెనడాలో ఒక మనిషి వేళ్ళను ఎం.ఆర్.ఐ. మిషన్‌లో పెట్టి లాగి, ఆ బుడగ ఏర్పడడాన్ని చిత్రాలు తీశారు. విరిచిన వేలు వెంటనే మళ్ళీ విరిస్తే పలకదు, గమనించండి. గాలి మళ్ళీ కరగడానికి కొంతసేపు పడుతుంది.

మెటికలు విరిస్తే కీళ్ళవాతం వస్తుందని మన అమ్మమ్మలే కాదు, అమెరికాలో అమ్మలు కూడా అంటారట. డోనాల్డ్ అంగర్ అనే డాక్టరు తల్లి మాట నిజమో కాదో చూద్దామని యాభై ఏళ్ళపాటు ఎడమ చేతి మెటికలు మాత్రమే రోజుకు కనీసం రెండుసార్లు విరిచాడు. కుడి చేతిని వదిలేశాడు. రెండు చేతుల్లో దేనికీ కీళ్ళవాతం రాలేదని 1998లో వైద్య పత్రికకు రాశాడు. ఒక్క మనిషితో శాస్త్రం తేలదు గాని, ఆయన ఓపికకు మెచ్చుకోవాలి. చప్పుడుతో పాటు వాపు ఉన్నా, కీలు మధ్యలో ఇరుక్కుపోతున్నా, మోకాలు ఉన్నట్టుండి పట్టు తప్పుతున్నా చూపించుకోండి. కొందరికి పుట్టుకతోనే కీళ్ళు వదులుగా ఉంటాయి. వేళ్ళు వెనక్కి విల్లులా వంగుతాయి, చప్పుళ్ళూ ఎక్కువ. వారికి తొడ కండరాలు, నడుము కండరాలు గట్టిపడే వ్యాయామమే మందు.

రెండవ భయం స్కానింగ్ రిపోర్టు. "డిస్క్ జరిగిందట, ఇక బరువెత్తొద్దట" అని ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి కంటనీరు పెట్టుకొని కూర్చుంటాడు. నడుము నొప్పి ఎన్నడూ లేని మూడు వేలకు పైగా మనుషుల స్కానింగులను పరిశీలించిన ఫలితాలు 2015లో వచ్చాయి. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవారిలోనే నూటికి 30 మందికి డిస్క్ ఉబ్బు కనబడింది. ఎనభై ఏళ్ళవారిలో నూటికి 84 మందికి ఉంది. కాబట్టి కాగితం మీద ఉన్నదంతా జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61 కోట్ల 90 లక్షల మందికి నడుము నొప్పి ఉంది. అందులో నూటికి 90 మందికి ఫలానా ఎముక, ఫలానా నరం అని చూపించగల కారణం దొరకదు. దొరకలేదంటే నొప్పి అబద్ధమని కాదు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. మంచం పట్టి పడుకోవద్దు, మెల్లగా తిరుగుతూ ఉండాలి.

ఇక అసలు సంగతి. మొన్నామధ్య ఇరవై నాలుగేళ్ళ అమ్మాయిని వాళ్ళమ్మ వెంటబెట్టుకొని వచ్చింది. మూడేళ్ళుగా నొప్పి. సూదులు, గోలీలు అన్నీ అయ్యాయి. "బీడీలు బాగ చేస్తదమ్మా, అందుకే" అని తల్లే జవాబు చెబుతోంది. నేను అమ్మాయినే అడిగాను.

"ఎప్పుడు ఎక్కువుంటది బిడ్డా?"

"పొద్దుగాల సిస్టరమ్మా. లేవరాదు. వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టేసరికి జర తగ్గుతది."

"మరి బీడీలు చేయకుండ పండుకున్న రోజు?"

"ఆ రోజే ఎక్కువ."

ఆ చివరి మాట వినగానే డాక్టరు గారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. పని వల్ల వచ్చే నొప్పి పనితో పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. పడుకుంటే పెరిగి, కదిలితే తగ్గే నొప్పి వేరు.

నొప్పి మూడు నెలలకు మించి ఉంటే మీకు మీరే అయిదు ప్రశ్నలు వేసుకోండి. నలభై ఏళ్ళలోపే మొదలయిందా? దెబ్బ తగలకుండా, ఫలానా రోజని చెప్పలేనట్టు మెల్లగా వచ్చిందా? నడిస్తే, పని చేస్తే తగ్గుతుందా? విశ్రాంతితో తగ్గడం లేదా? రాత్రి మెలకువ వచ్చేంత నొప్పి ఉండి, లేచి తిరిగితే నయమనిపిస్తుందా? అయిదింటిలో నాలుగు అవును అయితే డాక్టరుకు ఆ మాట స్పష్టంగా చెప్పాలి. పిరుదుల్లో ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు నొప్పి, మడమ నొప్పి, ఒక కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోవడం, చర్మం మీద సోరియాసిస్ మచ్చలు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి నడుము ఉండడం, ఇవి కూడా చెప్పండి. కన్ను ఎర్రబడితే మాత్రం ఆగవద్దు, చూపు పోయే ప్రమాదం ఉంది.

ఈ జబ్బు పేరు ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ శక్తే వెన్ను కీళ్ళ మీద వాపు పుట్టిస్తుంది. ఏళ్ళు గడిస్తే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కొని, మనిషి ముందుకు వంగిపోయి, ఎదుటివాళ్ళ ముఖం చూడడానికి కళ్ళు పైకెత్తవలసి వస్తుంది. అందరికీ అంత దూరం పోదు, త్వరగా పట్టుకుంటే చాలావరకు ఆపవచ్చు. కష్టమేమిటంటే మొదటి కొన్నేళ్ళు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, రక్త పరీక్ష కూడా మామూలుగా ఉండవచ్చు. పిరుదుల దగ్గరి కీళ్ళకు ఎం.ఆర్.ఐ. తీస్తే ముందుగా తెలుస్తుంది. ఇది మగవాళ్ళ జబ్బని పూర్వం పుస్తకాల్లో ఉండేది. ఆడవాళ్ళకూ వస్తుంది, వారిలో బయటపడేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. మన దగ్గర బీడీల చాట ఆ ఆలస్యాన్ని మరింత పెంచుతోందని నా అభిప్రాయం.

హెచ్.ఎల్.ఏ.-బి27 పరీక్ష పాజిటివ్ వచ్చిందని ఏడ్చేవారున్నారు. ఆ గుణం ఉన్నవారిలో ఎక్కువమందికి ఈ జబ్బు ఎన్నడూ రాదు. అది ఒక్కటే చూసి జబ్బని తేల్చరు. పెళ్ళి సంబంధాలు చెడతాయని అమ్మాయి వైద్యం దాచిపెట్టే తల్లిదండ్రులకు ఒక మాట. ఈ జబ్బుతో పెళ్ళి చేసుకొని, పిల్లల్ని కని, చక్కగా సంసారం చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. గర్భం అనుకున్నప్పుడు మందుల గురించి ముందే డాక్టరును అడిగితే చాలు. దాచితే పోయేది నడుమే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది పేరు తెలియని చిన్న గోలీలు. రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది, ఆకలి పెరుగుతుంది, ముఖం గుండ్రంగా అవుతుంది. "మంచిగ పనిచేసింది" అని నెలల తరబడి తెచ్చుకుంటారు. అవి తరచుగా స్టెరాయిడ్లు. షుగరు వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, తుంటి ఎముక తలకు రక్తం అందక చచ్చిపోతుంది. ఈ వెన్ను జబ్బుకు స్టెరాయిడ్ గోలీలు దీర్ఘకాలం వాడరు. ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మానవద్దు, ప్రాణానికే ప్రమాదం. డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

సరైన వైద్యం మొదట వాపు తగ్గించే మాత్రలు, దానితో పాటు రోజూ వ్యాయామం. కడుపు, కిడ్నీ చూసుకుంటూ డాక్టరు చెప్పిన మోతాదులోనే మాత్రలు వేసుకోవాలి. వాటితో లొంగకపోతే బయోలాజిక్ ఇంజక్షన్లు ఉన్నాయి. మొదలుపెట్టే ముందు లోపల టి.బి. దాగి లేదని తప్పక చూస్తారు. ఖరీదు ఎక్కువే గాని మునుపటికంటే తగ్గింది. కీళ్ళవాత నిపుణులను రుమటాలజిస్టులంటారు, హైదరాబాదులో నిమ్స్‌లో ఈ విభాగం ఉంది. బీడీ, సిగరెట్టు తాగే అబ్బాయిలు మానాలి, పొగ వల్ల వెన్ను ఇంకా త్వరగా బిగుస్తుంది. క్రికెట్ చూసేవారికి ఇంగ్లండు కెప్టెన్ మైక్ ఆథర్టన్ గుర్తుండవచ్చు. ఆయనకు ఇదే జబ్బు. 1995లో జొహాన్నెస్‌బర్గ్‌లో పది గంటలకు పైగా క్రీజులో నిలబడి 185 పరుగులతో నాటౌట్‌గా టెస్టును కాపాడాడు.

ఏ రకం నొప్పి అయినా బీడీలు చేసేవారు గోడకు వీపు ఆనించి, చాట కింద చిన్న పీట పెట్టుకొని ఎత్తు చేసుకోండి. అరగంటకోసారి లేచి రెండు చేతులు పైకెత్తి ఒళ్ళు విరుచుకోండి. పొద్దున వేడినీళ్ళ స్నానం, తర్వాత నాలుగు కాళ్ళ మీద పిల్లిలా ఉండి వీపు పైకి కిందికి ఆడించడం, నిండా ఊపిరి పీల్చి వదలడం మంచిది. వెన్ను బిగిసేవారు పలుచని దిండు వాడాలి, పగలు పది పదిహేను నిమిషాలు బోర్లా పడుకోవాలి. గూడెక్కించుకోవడం, వీపు తొక్కించుకోవడం వద్దు. అతుక్కున్న వెన్ను విరిగే ప్రమాదం ఉంది.

సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలతో నడుము నొప్పి ఉంటే వెన్ను టి.బి. కావచ్చు, ఆ వారంలోనే రండి. కాళ్ళు పట్టు తప్పుతున్నా, మూత్రం తెలియకుండా పోతున్నా, ఆగిపోతున్నా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా రాత్రి అయినా సరే అదే రోజు రావాలి.

మిగతావారు ఓ.పి.కి వచ్చే ముందు ఒక వారం రోజులు కాగితం మీద రాసుకోండి: ఎన్ని గంటలకు లేచారు, బిగుసు ఎంతసేపటికి వదిలింది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. పాత చీటీలతో పాటు వాడిన గోలీల ఖాళీ అట్టలు కూడా తీసుకురండి. పేరు చదవరాకపోయినా ఫరవాలేదు, మేము చదువుతాం.