ఫలక్‌నుమా: హోటల్ అయింది కాబట్టే నిలిచిందా?

హైదరాబాద్‌లో కొండమీది ఫలక్‌నుమా ప్యాలెస్ నిర్మాణాన్ని పైగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టారు. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చి రాజ అతిథిగృహమైంది. సంస్థానం పోయాక దశాబ్దాలపాటు దాని తలుపులు మూసే ఉన్నాయి. సుదీర్ఘ పునరుద్ధరణ తర్వాత తాజ్ గ్రూపు 2010లో దాన్ని హోటల్‌గా తెరిచింది. 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఇప్పటికీ ఉంది. 2017లో ప్రధాని మోదీ ఇవాంకా ట్రంప్‌కు విందు ఇచ్చింది ఇక్కడే.

ఆదాయం తెచ్చిపెట్టని కట్టడాల సంగతి వేరు. ఎర్రమంజిల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేయాల్సి వచ్చింది.

హోటల్ భవనాన్ని బతికిస్తుంది. అయితే గదికో, విందుకో, టికెట్టుకో డబ్బు పెట్టగలిగినవారికే గేటు తెరుస్తుంది. డబ్బు రాని వారసత్వాన్ని కాపాడాల్సింది మాత్రం ప్రభుత్వమే.