చాపకూడు సరే, పాట ఎవరిది?

'జాతి' అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. 'తెలుగుజాతి' అన్నప్పుడు అందరూ లోపలికి వస్తారు. 'నీదే జాతి?' అన్నప్పుడు కొందరు గడప బయటే నిలబడతారు. పల్నాటి యుద్ధం పాఠం చెప్పిన ప్రతిసారీ ఈ రెండర్థాలూ నాకు ఎదురవుతాయి.

క్రీ.శ. 1182 ప్రాంతంలో కారంపూడి వద్ద, నాగులేటి ఒడ్డున మాచర్ల, గురజాల సేనలు తలపడ్డాయి. దాయాదుల పోరు, కోడిపందెం, ఏడేళ్ల వలస అందరూ ఎరిగినవే. ఒక సీమకు చెందిన ఈ కలహం 'ఆంధ్ర కురుక్షేత్రం'గా ఎదగడంలో అచ్చుయంత్రం పాత్ర పెద్దదని నా అభిప్రాయం. శ్రీనాథుని పేర ఉన్న ద్విపద 'పల్నాటి వీరచరిత్ర'ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. తమదైన రాష్ట్రం కోరుతున్న విద్యావంతులకు తమదైన వీరగాథ చేతికందింది. 1947లో అది సినిమా కూడా అయింది.

అచ్చు కాకమునుపు ఆ కథను గొంతులో నిలుపుకొన్నదెవరు? మాలలలోని వీరవిద్యావంతులు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగేర్ 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువరించిన గ్రంథానికి ఆధారం అలిసెట్టి గాలెయ్య పాడిన కథే. శ్రీనాథుని పేరు చెప్పని విద్యార్థి నా తరగతిలో లేడు. గాలెయ్య పేరు విన్నవారు ఇంతవరకు ఒక్కరూ కనిపించలేదు.

బ్రహ్మనాయుడి చాపకూడును మనం ఘనంగా తలచుకుంటాం. తలచుకోవలసిందే. పన్నెండవ శతాబ్దపు కథలో అన్ని కులాలూ ఒకే చాపపై భుజించడం చిన్న ఊహ కాదు. కానీ ఆ చాప పరిచినవాడు ప్రభువు. మాల కన్నమదాసు సేనాని అయినా, నాయుడు చేరదీసిన కొడుకుగానే మన ప్రసంగాలలోకి వస్తాడు. సమానత్వాన్ని హక్కుగా కాక దొర ఔదార్యంగా చెప్పుకోవడం మనకు సుఖంగా ఉంటుంది.

కారంపూడి అప్పట్లో గుంటూరు జిల్లాలోనిది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపిన చుండూరూ ఆ జిల్లాలోదే. సినిమా హాలులో ఒక దళిత యువకుడి కాలు ముందు కుర్చీలోని వ్యక్తికి తగలడంతో రాజుకున్న గొడవ అది. పక్కపక్క కుర్చీలనే ఓర్వని చోట చాపకూడు వారసత్వం గురించి ఉపన్యసించడానికి నాకు నోరు రాదు.

కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవం మొదలవుతుంది. అయిదు రోజులు. మూడవనాడు, మందపోరు రోజున, చాపకూడు పెడతారు. ఈసారి విద్యార్థులను తీసుకువెళ్లాలనుకుంటున్నాను. పంక్తిలో కూర్చునే ముందు, పాడేవారి దగ్గర కూర్చుందామని చెప్పాను.