నాయుడు: బిరుదా, ఇంటిపేరా?

పాఠశాలలో చేరునప్పుడు నింపవలసిన పత్రములో 'ఇంటిపేరు' అను గడి యొకటి యుండును. బెళ్ళందూరు ప్రాంతమున నివసించు మన తెలుగు కుటుంబములలో కొందరు ఆ గడిలో 'నాయుడు' అని వ్రాయుదురు. కొందరు తండ్రిపేరు వ్రాయుదురు. మరికొందరు ఒక గీత గీచి విడిచెదరు. 'నాయుడు అన్నది మా ఇంటిపేరు కాదా?' అని విద్యార్థులు మమ్ము తరచుగా అడుగుచున్నారు. కాదని ఒక్క మాటలో చెప్పవచ్చును. కాని ఆ పదము ఎక్కడ పుట్టినదో, ఏ యర్థముతో బయలుదేరినదో, ఎంత దూరము పోయినదో తెలిసినగాని ఆ సమాధానమునకు బలము కలుగదు. అందుచేత ఈ సంచికలో ఆ పదమును గురించి కొంత వివరముగా వ్రాయుచున్నాము.

'నాయుడు' పదమునకు మూలము సంస్కృతమందలి 'నాయక' శబ్దము. 'నీ' యను ధాతువునకు తీసికొనిపోవుట, నడిపించుట అని అర్థము. నడిపించువాడు నాయకుడు. సేనను నడుపువాడును నాయకుడే, నాటకమున కథ నెవ్వని చుట్టును అల్లుదురో అతడును నాయకుడే. ప్రాకృత భాషలలో రెండచ్చుల నడుమ నున్న కకారము లోపించుట సాధారణము. అట్లు కకారము జారిపోగా తెలుగున 'నాయఁడు' అను రూపము నిలిచినది. పాత గ్రంథములలో అరసున్నతో కనిపించు ఈ రూపమే క్రమముగా 'నాయుడు' అయినది. 'నీడు' అనునదియు దాని రూపాంతరమే. మూలపదమైన 'నాయకుడు' మాత్రము భాషను విడిచిపోలేదు. ఒకే మాట రెండు వేషములతో మన నోట నిలిచినది. ఒకటి అర్థము చెప్పుటకు, మరొకటి పేరు చివర చేర్చుటకు.

మన విద్యార్థులు కన్నడ పాఠములలో చిత్రదుర్గపు మదకరి నాయకుని కథ వినియుందురు. ఆయన 1779లో హైదరాలీ చేత ఓడింపబడెను. ఆ కన్నడ వీరుని పేరులోని 'నాయక', తమిళుల 'నాయక్కర్', మన 'నాయుడు' ఒక్క తల్లి బిడ్డలు. పదము ఒకటే యైనంత మాత్రమున ధరించినవారందరు ఒక వంశమువారని తలంపరాదు.

తెలుగు దేశమున ఈ పదమును పలికినంతనే మొదట గుర్తు వచ్చునది పల్నాడు. 12వ శతాబ్దమునాటి పల్నాటి యుద్ధమున మాచెర్ల పక్షమునకు బ్రహ్మనాయుడు పెద్ద. కులభేదము పాటింపక అందరిని ఒక్క బంతిని కూర్చుండబెట్టి 'చాపకూడు' పెట్టించినవాడని అతనికి ప్రసిద్ధి. ఎదుటి పక్షమైన గురజాలకు మంత్రిణి నాగమ్మ. ఆమెను ప్రజలు 'నాయకురాలు నాగమ్మ' అని పిలిచిరి. బద్ధశత్రువులైన ఆ యిద్దరికి జనులు ఇచ్చినది ఒక్కటే బిరుదు. పురుషునకు పుంలింగమున, స్త్రీకి స్త్రీలింగమున. ఈ చిన్న సంగతిని మనస్సున నుంచుకొనుడు. దీనితో ముందు పని యున్నది.

కాకతీయుల కాలమున 'నాయంకరము' అను ఏర్పాటు ఉండెను. రాజు ఒక దళపతికి కొన్ని గ్రామముల నిచ్చును. ఆ గ్రామముల ఆదాయముతో అతడు సైన్యమును పోషించి, అవసరమైనప్పుడు రాజునకు తోడ్పడవలెను. అట్టివారు నాయకులు. 1323లో ఓరుగల్లు పడిపోయిన తరువాత దానిని ఢిల్లీ సుల్తానుల చేతినుండి తిరిగి గైకొన్నవాడు ముసునూరి కాపయ నాయకుడు. కాపానీడు అనగా ఇతడే. ఈ పేరులోని మూడు మాటల వరుసను గమనింపుడు. 'ముసునూరి' ఇంటిపేరు, 'కాపయ' వ్యక్తిపేరు, 'నాయకుడు' హోదా. ఇంటిపేరు ముందు, హోదా వెనుక. తెలుగువారి పేరునకు ఇది యొక వాక్యనిర్మాణము వంటిది. ఏడువందల సంవత్సరములు గడచినను ఈ క్రమము చెడలేదు.

విజయనగర రాజుల కాలమున ఈ నాయకులు దక్షిణమునకు నడచిరి. 16వ శతాబ్దమున మధురలో విశ్వనాథ నాయకుడును, తంజావూరులో సెవ్వప్ప నాయకుడును పాలన ప్రారంభించిరి. తంజావూరి రఘునాథ నాయకుడు స్వయముగా తెలుగు కవి. వారితోను, వారి వెనుకను వేలకొలది తెలుగు కుటుంబములు తమిళదేశమున స్థిరపడినవి. నేడు కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో 'నాయుడు' అను మాట వినబడుటకు ఆ వలసయే ముఖ్యకారణము. అచ్చట తండ్రిపేరు మొదటి యక్షరమును ముందుంచుట ఆచారము. కోయంబత్తూరున విద్యుత్తు మోటారుల పరిశ్రమకు ఆద్యుడైన జి.డి. నాయుడు (1893–1974) పేరులో 'జి' యనునది తండ్రియైన గోపాలస్వామి పేరు. బిరుదు మిగిలినది, తండ్రిపేరు మిగిలినది, ఇంటిపేరునకు చోటు లేకపోయినది.

కాలక్రమమున ఈ బిరుదు దళపతులనుండి గ్రామపెద్దలకు, వారినుండి గౌరవింపదగిన గృహస్థులందరికి దిగివచ్చినది. పేరు చెప్పకయే 'నాయుడుగారు' అని పిలుచుట గౌరవమైనది. బలిజలు, కాపులు, కమ్మవారు, వెలమలు, గవరలు - ఇట్లు వేర్వేరు జిల్లాలలో వేర్వేరు కులములవారు దీనిని ధరించిరి. కావున నాయుడు అన్నంతమాత్రమున ఇద్దరు బంధువులు కారు. సంబంధము చూచునప్పుడు పెద్దలు 'మీ ఇంటిపేరేమి?' అని అడుగుదురే గాని 'మీరు నాయుళ్ళా?' అని అడిగి ఊరకుండరు. ఇంటిపేరు ఒకటే యైనచో అన్నదమ్ముల వరుస యని సంబంధము మానుకొందురు. బిరుదు కులమును తెలుపు గుర్తుగా మారినదని దానిని విడిచినవారును కలరు. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ అట్టి బిరుదులను త్యజింపుడని పిలుపునిచ్చినది. ఆ చర్చలోనికి మేమిప్పుడు పోము. బిరుదును విడిచినను ఇంటిపేరు చెక్కుచెదరదని మాత్రము చెప్పుచున్నాము.

ఒక కుటుంబమును ఉదాహరణముగా చూతము. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన నారా చంద్రబాబు నాయుడు తండ్రి పేరు ఖర్జూర నాయుడు. కుమారుని పేరు నారా లోకేశ్. మూడు తరములకును 'నారా' వచ్చినది. 'నాయుడు' మూడవ తరమున ఆగినది. ఇంటిపేరునకును బిరుదునకును గల భేద మిదియే. ఒకటి వంశముతో నడచును, రెండవది వ్యక్తి ఇష్టముతో నడచును. భారతదేశపు మొదటి టెస్టు క్రికెట్ నాయకుడు సి.కె. నాయుడు 1895లో నాగపూరున జన్మించిన తెలుగువాడు. 1932లో లార్డ్సు మైదానమున మన జట్టును నడిపినది ఆయనయే. 'సి' యనగా ఏమని విద్యార్థుల నడిగినచో అరుదుగా చెప్పగలరు. అది 'కొట్టారి'. ఆయన పూర్తిపేరు కొట్టారి కనకయ్య నాయుడు. లోకము నాయుడును తలకెత్తుకొని కొట్టారిని ఒక్క అక్షరముగా కుదించినది.

సరోజినీ నాయుడు విషయము ఇంతకంటె విచిత్రము. ఆమె 1879లో హైదరాబాదున ఒక బెంగాలీ కుటుంబమున, చట్టోపాధ్యాయుల ఇంట పుట్టినది. 1898లో డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడును వివాహమాడినది. తెలుగు ఆచారము ప్రకారము ఆమె చేరిన ఇల్లు ముత్యాలవారిది. కాని ఆంగ్లవిద్య గల సమాజమున భర్త పేరు చివరి మాటనే భార్య ధరించు పద్ధతి ప్రబలినందున ఆమె సరోజినీ నాయుడు అయినది. కుమార్తె పద్మజా నాయుడు 1956 మొదలు 1967 వరకు పశ్చిమ బెంగాలు గవర్నరుగా ఉండెను. ఇప్పుడు పల్నాటి నాగమ్మను తలచుకొనుడు. 'నాయుడు'లోని 'డు' పుంలింగ ప్రత్యయము. నాగమ్మను నాయకురాలు అన్న తెలుగువారు ఏ స్త్రీని నాయుడు అని పిలిచియుండరు. స్త్రీ పేరు చివర కూడ 'నాయుడు' వచ్చి నిలిచినదనగా, ఆ మాట అర్థమును పోగొట్టుకొని కేవలము వంశనామమైపోయినదని తెలియవలెను. ముత్యాల అను అందమైన ఇంటిపేరు ఎందరికి గుర్తున్నది?

ఇక సముద్రము దాటుదము. 1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అను ఓడ మద్రాసునుండి 342 మందితో దక్షిణాఫ్రికాలోని నేటాలు రేవును చేరినది. చెరకు తోటలలో ఒప్పందకూలీలుగా పనిచేయుటకు వచ్చిన తొలి భారతీయులు వారు. 1911 వరకు అట్లు నేటాలునకు పోయినవారు లక్షన్నరకు పైబడిరి. వారిలో పెద్దభాగము మద్రాసు రాజధానికి చెందిన తమిళులు, తెలుగువారు. ప్రతి కూలీకి ఒక సంఖ్య నిచ్చి, ఓడ పట్టికలో పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, గ్రామము, జిల్లా వ్రాసికొనిరి. ఇంటిపేరునకు గడి లేదు. దొరలు అడుగలేదు, గుమాస్తాలు వ్రాయలేదు. కులము గడిలోనో, పేరు చివరనో పడిన 'నాయుడు' తరువాతి తరములకు వంశనామమై, ఆంగ్లమున చివర రెండు 'ఓ'లతో స్థిరపడినది. నేడు దక్షిణాఫ్రికాలోని భారత సంతతివారిలో మిక్కిలిగా వినవచ్చు పేర్లలో అది యొకటి. మారిషసు, ఫిజీ ద్వీపములలోను ఆ మాట కలదు.

ఆ పేరునకు అచ్చట గొప్ప గౌరవము కూడ కలిగినది. 1875లో మారిషసున పుట్టిన తంబి నాయుడు జొహానెస్‌బర్గు చేరి, గాంధీగారి సత్యాగ్రహమున ముందు నిలిచి పలుమార్లు చెరసాలకు పోయెను. ఆయన మనుమడు ఇంద్రేశ్ నాయుడు వర్ణవివక్షపై పోరాడి రాబెన్ ద్వీపపు చెరలో పది సంవత్సరములు గడపెను. కార్మికనాయకుడు జే నాయుడు 1994లో మండేలా మంత్రివర్గమున సభ్యుడయ్యెను. నాయకత్వము వహించినవారి పేరున ఆ పదము మరల తన మొదటి అర్థమును చేరుకొన్నదనిన తప్పు కాదు. అయినను లోపము లోపమే. అక్కడి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించి భాషను నిలుపుకొనుటకు పాటుపడిరి. కాని తాతముత్తాతల ఊరు ఏదని వెదకువారికి ఆ 'నాయుడు' దారి చూపదు. ఓడ పట్టికలోని కూలీసంఖ్య, వంకరటింకర అక్షరములతో వ్రాసిన గ్రామము పేరు - ఇవియే వారికి ఆధారము.

ఇంటిపేరు దారి చూపునా యని అడుగవచ్చును. చూపును. మన కన్నడసీమలోనే నిదర్శన మున్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు చిక్కబళ్ళాపురము దగ్గర ముద్దేనహళ్ళిలో పుట్టిరి. మోక్షగుండం ఆంధ్రదేశమున గిద్దలూరు ప్రాంతమునందలి గ్రామము. పూర్వులు దానిని విడిచి ఎంతకాలమైనను ఇంటిపేరు ఆ ఊరి చిరునామాను మోసికొనివచ్చినది. తిరుత్తణిలో పుట్టి మైసూరు విశ్వవిద్యాలయమున బోధించిన సర్వేపల్లి రాధాకృష్ణగారి ఇంటిపేరును నెల్లూరు సీమలోని ఊరిపేరే.

బెంగుళూరున మనకు గల చిక్కు వేరు విధమైనది. కన్నడిగులలో పలువురు పేరునకు ముందు స్వగ్రామము, తండ్రిపేరు ఉంచుదురు. డి.వి.జి. యనగా దేవనహళ్ళి వెంకటరమణయ్య గుండప్ప. ఆ పద్ధతి వారికి సొంపైనది. మన పిల్లవాడు 'బి' అను ఒక్క అక్షరము వ్రాసినచో, చదువువారు దానిని బెళ్ళందూరు అనుకొనవచ్చును, ఇంటిపేరని ఊహింపరు. కన్నడ లిపిలో 'నాయ్డు' అని రెండక్షరములకు కుదించి వ్రాయుదురు. అదియే పిల్లల నోటను పడుచున్నది. ఇవి పెద్ద హానులు కావు. మొదటి యక్షరము మాత్రమే మిగిలి, అదియు దేనికి గుర్తో ఇంట చెప్పువారు లేకపోయినప్పుడు మాత్రము, మనము పడవ యెక్కకయే నేటాలు చేరినవారమగుదుము.

కావున తల్లిదండ్రులకు మా మనవి. ప్రవేశ పత్రమున ఇంటిపేరును అక్షరముగా గాక పూర్తిగా వ్రాయుడు. జనన పత్రము, ఆధారు, పాఠశాల రిజిష్టరు - మూడింటను ఒకే అక్షరక్రమ ముండునట్లు చూడుడు. పిమ్మట దిద్దించుకొనుట ఎంత శ్రమయో పడినవారికి తెలియును. 'నాయుడు' ఇష్టమైనచో పేరు చివర ఉండనిండు; దానికి తగిన చోటు అదియే.

విద్యార్థులకు ఒక చిన్న పని. మీ ఇంటిపేరు ఏమిటో, అది ఊరిపేరో, వృత్తిపేరో, మరి యే కారణమున వచ్చినదో అమ్మమ్మను గాని తాతగారిని గాని అడిగి వ్రాసికొనిరండు. తల్లి పుట్టినింటి పేరును కూడ అడుగుడు. పెద్దలు దగ్గర లేనివారు పాత శుభలేఖలను వెదకవలెను. తెలుగు శుభలేఖలో ఇరుపక్షముల ఇంటిపేర్లను పూర్తిగా అచ్చువేయుట ఆచారము. ఏ యింట చూచినను బీరువా అడుగున పసుపు మరక గల శుభలేఖ ఒకటియైనను దొరకకపోదు.