నిద్రించు కంప్యూటరును దూరమునుండి మేల్కొలుపుట

1998వ సంవత్సరమున మాదాపూరునందు సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలుకొని, హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములు కంప్యూటరు పనులకు పేరుగాంచినవి. 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌను విధింపబడగా, అచ్చటి యుద్యోగులలో ననేకులు తమ యిండ్లనుండియే పనిచేసిరి. మనిషి యొకచోటను, యంత్ర మొకచోటను ఉండుట నేడు మనకు వింత గాదు. అయితే ఆఫీసునకు వెళ్లిన తండ్రికి ఇంటి కంప్యూటరులోని పత్రము కావలసి వచ్చినచో నేమి చేయవలెను? ఇందుకై దానిని రేయింబవళ్లు నడపుచుండుట విద్యుత్తును వ్యర్థపరచుటయే. కావలసినప్పుడు మాత్రమే దానిని లేపుటకు ‘వేక్ ఆన్ లాన్’ అను నుపాయము కలదు.

యంత్రము నిద్రించుచున్నను, దాని నెట్‌వర్కు కార్డు స్వల్ప విద్యుత్తుతో మెలకువగా నుండును. ప్రతి కార్డునకును ‘మాక్ అడ్రసు’ అను చిరునామా యుండును. లేపు సందేశమును ‘మ్యాజిక్ ప్యాకెట్’ అందురు. దీనిని 1995లో ఏఎండీ కంపెనీ వివరించి ప్రకటించెను. అందు మొదట 6 బైట్ల గుర్తును, పిమ్మట 6 బైట్ల యా చిరునామా 16 మారులును ఉండును; మొత్తము 102 బైట్లు. ఈ పిలుపు ఇంటి నెట్‌వర్కులోని యంత్రములన్నిటికిని చేరును. ఉపాధ్యాయుడు హాజరుపట్టీ చదువునప్పుడు పేరు గల బాలుడే పలుకునట్లు, ఆ చిరునామా గల యంత్రమే లేచును.

దీనిని అమర్చు విధ మెట్టిదన: కంప్యూటరును రౌటరునకు తీగతో కలుపవలెను. బయోస్‌లోను, పిదప విండోస్‌లోని నెట్‌వర్కు కార్డు అమరికలలోను ఈ సదుపాయమునకు అనుమతి నీయవలెను. చిరునామాను వ్రాసికొని, ఫోనులోని తగిన యాప్‌తో మొదట ఇంటిలోనే పరీక్షింపవలెను. కరెంటు పూర్తిగా పోయి వచ్చిన పిమ్మట కొన్ని యంత్రములు చేతితో నొకసారి నడపిననే గాని పిలుపునకు పలుకవు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. సామాన్యముగా ఈ పిలుపు రౌటరును దాటి రాదు. కొందరు వెలుపలినుండి పిలుచుటకై రౌటరులో ద్వారము తెరచి యుంచుదురు. ఇది వీధితలుపు తీసి నిద్రించుట వంటిది. ఏలయన పిలిచినవా డెవడో యంత్ర మడుగదు. రౌటరులో వీపీఎన్ సదుపాయ మున్నచో, రహస్యపదముతో దానిద్వారా ఇంటి నెట్‌వర్కులో ప్రవేశించి, పిదప పిలుచుటయే క్షేమము.

కాబట్టి విద్యార్థులారా, యంత్రమును లేపుట నేర్చుకొనుడు. గాని దానికంటె ముందు తలుపు వేయుట నేర్చుకొనుడు.