పింఛను వస్తోంది కదా, ఇంకా ఏం కావాలి?

చందా రాయించుకునేటప్పుడు దాతలు ఏటా మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "ముసలివాళ్ళకు సర్కారు పింఛను ఇస్తోంది, బియ్యం ఇస్తోంది, దవాఖానలో గోలీలు ఉచితం, ఆడవాళ్ళకు బస్సు కూడా ఉచితమే. ఇక మన సంఘం చేయాల్సింది ఏం మిగిలింది?" ఇది అడగవలసిన ప్రశ్నే. ఇచ్చినవారికి తమ సొమ్ము ఎక్కడికి పోతోందో తెలుసుకునే హక్కు ఉంది. జమాఖర్చుల పట్టిక ఎలాగూ వేస్తాం. ఆ పట్టికలో కనబడనిది ఇక్కడ రాస్తున్నాం. కొడిమ్యాల మండలంలో పని మానుకున్న ఒక వృద్ధ దంపతులకు ఒక్క వారం ఎలా గడుస్తుందో చూడండి.

వారి పేర్లు, ఊరి పేరు రాయడం లేదు. సహాయం అందుకునేవారిని నలుగురిలో నిలబెట్టకూడదన్నది మన ధర్మం నేర్పిన మర్యాద. ఇలాంటి ఇళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి కాబట్టి ఒక్కరి పేరు చెప్పి ప్రయోజనమూ లేదు.

కొడిమ్యాల 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. కరీంనగర్–జగిత్యాల పెద్ద రోడ్డు మండలంలోని పూడూరు మీదుగా పోతుంది. ఆ రోడ్డుకు దూరంగా లోపల ఉన్న ఊళ్ళకు మాత్రం బస్సు వచ్చినప్పుడే ప్రయాణం. చుట్టూ గుట్టలు, అడవి, పక్కనే కొండగట్టు. అందుకే కోతుల బెడద కూడా ఎక్కువే. కోతుల సంగతి ఎందుకు చెబుతున్నామో ముందు ముందు తెలుస్తుంది.

ఆయనకు డెబ్బై దాటాయి, ఆమె నాలుగైదేళ్ళు చిన్న. దూదేకుల కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆయన విల్లుతో దూది ఏకి పరుపులు, మెత్తలు కుట్టేవాడు. పట్టణాల్లో దూది ఏకే మిషన్లు, ఆ తర్వాత స్పాంజి పరుపులు వచ్చాక ఆ పని పలచబడింది. ఆమె పెళ్ళయిన ఏటి నుంచి బీడీలు చుట్టింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఏ వాడకు పోయినా చాటలు ఒళ్ళో పెట్టుకొని అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. ఆమె కూడా అట్లాగే ఇల్లు గడిపింది, బిడ్డ పెళ్ళి చేసింది. కొడుకు సౌదీలో ఉన్నాడు.

ఇప్పుడు ఆదాయం సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 200 రూపాయలు ఉండేది. 2014 నవంబరులో ఆసరా మొదలైనప్పుడు 1,000 అయింది, 2019లో 2,016కు పెరిగింది. చాలామంది దాతలకు తెలియని సంగతి ఏమిటంటే, భార్యాభర్తలిద్దరూ ముసలివాళ్ళే అయినా వృద్ధాప్య పింఛను ఇంటికి ఒకరికే. ఈ ఇంట్లో అది ఆయన పేరు మీద వస్తుంది. బీడీ కార్ఖానాలో పీఎఫ్ కట్టినందుకు ఆమెకు నెలకు వెయ్యి వస్తుంది. ఆ పథకం కింద కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి అంతే. రెండూ కలిపితే 3,016. అంటే ఇద్దరికీ కలిసి రోజుకు నూరు రూపాయలు. కొడుకు పంపేది దీనికి తోడు, కాకపోతే అతను అక్కడికి పోవడానికి చేసిన అప్పు తీరేదాకా అది ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో చెప్పలేం.

బతకడానికి ఇది చాలదు, అలాగని పస్తులుండే పరిస్థితీ కాదు. సంకటమంతా ఈ డబ్బును, బియ్యాన్ని, గోలీలను ఇల్లు చేర్చుకోవడంలోనే ఉంది.

మేము చూసినది పింఛను పంచే వారం. సోమవారం పొద్దున్నే ఆయన పోస్టాఫీసు దగ్గర వరుసలో కూర్చున్నాడు. పల్లెల్లో ఆసరా పింఛను అప్పుడు తపాలా వాళ్ళ ద్వారా వేలిముద్ర తీసుకొని ఇచ్చేవారు. యాభై ఏళ్ళు దూదీ, దారమూ, సూదీ పట్టిన వేళ్ళు అవి. వయసుతో చర్మం పలచబడి గీతలు అరిగిపోతాయి, పొడిబారితే మిషను అసలే పట్టదు. పంచే పిల్లవాడు ఓపికగా కుడి బొటనవేలు, చూపుడువేలు, తర్వాత ఎడమ చేయి పెట్టించి చూశాడు. "పడ్తలేదు తాతా, రేపు పొద్దుగాల రా. చేతులకు జర నూనె రాసుకొని రా" అన్నాడు. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. మరునాడు మూడో ప్రయత్నంలో పడింది. రెండు వేల రూపాయలకు రెండు పూటలు పట్టాయి, అదీ మంచి నెలలో.

ఆమెకు వేరే తిప్పలుంది. పీఎఫ్ పింఛను తీసుకునేవారు బతికే ఉన్నామని ఏడాదికొకసారి జీవన్ ప్రమాణ్ ఇవ్వాలి. పన్నెండు నెలలు దాటితే పింఛను ఆగిపోతుంది. ఆమె గడువు ఈ నెలతో ముగుస్తోంది. దానికీ ఆధార్, వేలిముద్ర లేదా ముఖం ఫోటో, ఫోనుకు వచ్చే నంబరు కావాలి. ఆ ఫోను నంబరు కొడుకు వాడిన పాతది, ఇప్పుడు పనిచేయడం లేదు. నంబరు మార్పించడానికి ఒక రోజు, ప్రమాణం ఇవ్వడానికి ఇంకో రోజు బస్సెక్కాలి.

బస్సు విషయంలో ఒక చిత్రం ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. మంచి పథకమే, కాదనం. అయితే ఈ ఇంట్లో దాని ఫలితంగా బయటి పనులన్నీ ఆమె మీద పడ్డాయి. ఆయన పోతే రానూపోనూ చార్జీ, ఆమె పోతే సున్నా టికెట్. మోకాళ్ళ నొప్పులు మాత్రం ఆమెకే ఎక్కువ. ఎత్తైన మెట్టు ఎక్కలేక కడ్డీ పట్టుకొని నిలబడితే వెనకనుంచి ఎవరో ఒకరు పైకి లేపాలి. కిక్కిరిసిన బస్సు వస్తే ఆమె ఎక్కదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు దారిలో శనివారంపేట నుంచి జగిత్యాల పోతున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. వారిలో చాలామంది కొడిమ్యాల మండలం ఊళ్ళవాళ్ళే. ఆ బస్సులో నూరు మంది దాకా ఉన్నారు. ఆ ఊళ్ళలో ముసలమ్మలు నిండు బస్సును వదిలేసి గంటసేపు మళ్ళీ కూర్చోవడం చాదస్తం కాదు.

బుధవారం రేషన్ బియ్యం. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి 6 కిలోలు. తినగలిగే బియ్యం వస్తున్నాయని ఆమె సంతోషించింది. దొడ్డు బియ్యం ఆయనకు నమలడం కష్టమయ్యేది. ఇద్దరికీ కలిపి 12 కిలోలు. అక్కడ వేలు పడకపోతే కంటిపాప చూసే మిషను ఉంది కాబట్టి పని త్వరగా అవుతుంది. మోయడమే సమస్య. ఆరు కిలోలు ఒకసారి, ఆరు కిలోలు ఒకసారి తెచ్చుకుంటారు. 2025 జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చినప్పుడు 36 కిలోల సంచి ఇంటికి చేర్చడానికి ఆటోకు డబ్బులివ్వాల్సి వచ్చింది.

వీటి మధ్య ఇంటి పని ఎప్పటిలాగే ఉంటుంది. ఫజర్‌కు లేస్తారు. రెండు మేకలున్నాయి, బక్రీదుకు అమ్ముదామని పెంచుతున్నారు. (నలభై మేకలుంటేగాని జకాత్ వర్తించదు. ఆ లెక్క చెబితే ఆయన నవ్వాడు.) వాటికి కొమ్మలు కొట్టుకురావాలి. ఆమె పొరుగింటి అమ్మాయికి తునికాకు కత్తిరించి ఇస్తుంది. రాత్రే తడిపి పెట్టిన ఆకును రేకు కొలతకు కత్తెరతో కోయాలి. ఆ అమ్మాయి "పెద్దమ్మా" అంటూ తెచ్చిచ్చే చిల్లర కూరగాయలకు సరిపోతుంది. పని మానేసిందని పీఎఫ్ కాగితం చెబుతుంది గానీ కత్తెర ఇంకా చేతిలోనే ఉంది.

ఆయన సంగతీ అంతే. ఆ వారం ఒక పెళ్ళివారు పాత పరుపు విప్పి తిరిగి కుట్టమన్నారు. బూరుగు దూది, గట్టిపడిపోయింది. విల్లు పట్టే శక్తి లేదు, చేతులతోనే విడదీసి, ఎండబెట్టి, కొట్టి, కొత్త గలీబులో పరిచి పెద్ద సూదితో కుట్లు వేయాలి. గురు, శుక్రవారాలు దానికే పోయాయి, మధ్యలో జుమాకు వెళ్ళివచ్చాడు. సూదిలో దారం ఎక్కించింది ఆమె. కుట్టు వరస వంకర పోతున్నప్పుడు "ఇటు జరుగు, ఇటు జరుగు" అని చూసి చెప్పిందీ ఆమే. ఎందుకంటే ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి.

శుక్లాల ఆపరేషన్ ఉచితంగా చేస్తారు. గంటలోపు అయ్యే పని. ఆయనకు పరీక్ష చేసి ఆపరేషన్ కావాలని ఎప్పుడో చెప్పారు. జగిత్యాలలో సర్కారు వైద్య కళాశాల కూడా 2022 నుంచి నడుస్తోంది. మరి ఆయన ఎందుకు పోలేదు? భయమని అందరూ అనుకున్నారు, మొదట మేమూ అదే అడిగాం. కారణం కోతులు.

ఇల్లు గూన పెంకులది. ఇంట్లో మనిషి అలికిడి లేకపోతే కోతులు పెంకులు తీసి లోపల దిగుతాయి, బియ్యం సంచి చింపుతాయి, గిన్నెలు ఎత్తుకుపోతాయి. మేకలను వదిలి పోలేరు. కాబట్టి ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఇంట్లో ఉండాల్సిందే. ఆపరేషన్‌కు మాత్రం తోడు మనిషి లేకుండా రావద్దంటారు. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు కంట్లో చుక్కలు వేయాలి, కొన్ని రోజులు తలస్నానం కూడదు, బరువులెత్తకూడదు. కొమ్మలు కొట్టుకొచ్చేదెవరు, బియ్యం తెచ్చేదెవరు? ఇద్దరు మనుషులున్న ఇల్లే, కానీ బయటి పనికి ఒక్కరే మిగులుతారు. ఇట్లా మూడేళ్ళు వాయిదా పడింది. ఈలోపు ఒకసారి వాకిట్లో రాయి కనబడక పడ్డాడు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

కొడుకు శుక్రవారం సెలవు రోజున ఫోను చేస్తాడు. సౌదీలో రాత్రి ఎనిమిదైతే ఇక్కడ పదిన్నర. ఇషా అయ్యాక పడుకోకుండా ఇద్దరూ కూర్చుంటారు. "కండ్లు మంచిగనే ఉన్నయా అబ్బా?" అని అడిగితే "మంచిగనే ఉన్నయి బేటా" అంటాడు. అప్పు మీద వడ్డీ నడుస్తుండగా టికెట్ కొనుక్కొని రమ్మని ఎట్లా అంటాడు? తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం వచ్చింది. పట్టించుకోని పిల్లల మీద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు పది వేల దాకా ఇప్పించవచ్చు. ఆ చట్టం అవసరమైన ఇళ్ళు మన మధ్య ఉన్నాయి. పట్టించుకునే కొడుకు దూరదేశంలో ఉంటే మాత్రం దానితో పనిలేదు.

గల్ఫ్‌లో ఉన్న దాతలు కొందరు మమ్మల్ని అడిగిన మాట కూడా ఇక్కడే చెబుతాం. కన్నవారికి జకాత్ ఇవ్వడం చెల్లదు, వారి పోషణ పిల్లల బాధ్యత కాబట్టి. ఊళ్ళో పేదవారైన మరొకరి తల్లిదండ్రులకు ఇవ్వవచ్చు. మీ ఊరి ముసలివాళ్ళను ఇక్కడివారు చూస్తుంటే, వారి ఊరివాళ్ళను మీరు చూస్తున్నారనుకోండి.

మేము గతంలో ఇలాంటి ఇళ్ళకు రంజాన్‌లో రేషన్ కిట్, చలికాలంలో దుప్పటి ఇచ్చేవాళ్ళం. దుప్పటి తీసుకొని ఆమె దుఆ చేసింది, తర్వాత మెల్లగా అంది: "బియ్యం ఉన్నయి బిడ్డా. ఒక మనిషిని పంపియ్యరాదు రెండు దినాలు?" ఆ ఏడాది నుంచి మా ఖర్చుల్లో 'తోడు' అనే పద్దు చేరింది. అందులో ఉండేవి ఆటో చార్జీ, దవాఖానకు వెంట వెళ్ళే యువకుడి రోజు కూలి, ఇంటి దగ్గర ఉండే మనిషి కూలి, పింఛను కాగితాలకు తిరిగే ఖర్చు. ఈ పద్దుకు ఫోటో దిగేందుకు ఏమీ ఉండదు. అందుకే దీనికి చందా రాబట్టడం దుప్పట్లకంటే కష్టంగా ఉందని మొహమాటం లేకుండా చెబుతున్నాం.

ఆయనకు శనివారం కుడి కంటికి ఆపరేషన్ అయింది. వెంట మన వాడ పిల్లవాడు వెళ్ళాడు, ఇంటి దగ్గర ఆమె ఉంది, మేకల పని పొరుగింటి అమ్మాయి భర్త చూశాడు. రెండు రకాల చుక్కల సీసాలు ఇచ్చారు, ఒకటి రోజుకు ఆరుసార్లు, ఒకటి మూడుసార్లు. ఆమెకు చదువు రాదు. ఆరుసార్లు వేయాల్సిన సీసా మెడకు బీడీల దారం చుట్టి పెట్టుకుంది. ఆదివారం కట్టు విప్పాక ఆయన మొదట చూసింది తాను కుట్టిన పరుపునట. రెండు వరసలు వంకరగా ఉన్నాయని, విప్పి మళ్ళీ కుట్టి ఇస్తానని పెళ్ళివారికి కబురు పంపాడు.

ఎడమ కన్ను చలికాలంలో చేస్తామన్నారు. ఆ రోజు మేకల దగ్గర ఎవరుంటారో ఇంకా తేలలేదు.