మ్యాప్‌లో నీలి చుక్కను ఎంతవరకు నమ్మాలి?



ట్యూషన్‌కు వెళ్లిన పాప ఎక్కడుందో ఫోన్‌లో చూస్తారు. ట్యూషన్ సెంటర్ దగ్గర ఉండాల్సిన చుక్క కిలోమీటరు దూరంలో, ఎప్పుడూ వెళ్లని వీధిలో కనిపిస్తుంది. ఎవరికైనా గుండె జారిపోతుంది. కానీ చాలాసార్లు పాప క్లాసులోనే ఉంటుంది, ఫోన్ వేసిన లెక్కే మారి ఉంటుంది.

ఫోన్ తన చోటును ఎలా తెలుసుకుంటుంది?

మొదటి దారి జీపీఎస్. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సిగ్నల్ అందాలి. ఆరుబయట అయితే తేడా సాధారణంగా ఐదారు మీటర్లే. కానీ ఆ సిగ్నల్ చాలా బలహీనం. స్లాబుల కింద, సెల్లార్లలో, ఎత్తైన అపార్టుమెంట్ల మధ్య సరిగా అందదు.

అప్పుడు వైఫై ఆదుకుంటుంది. చుట్టుపక్కల రౌటర్లకు కనెక్ట్ కాకపోయినా వాటి సిగ్నళ్లను ఫోన్ గుర్తిస్తుంది. ఏ రౌటర్ ఎక్కడుందో గూగుల్, ఆపిల్ వంటి సంస్థల దగ్గర జాబితా ఉంటుంది. దానితో పోల్చి చోటును అంచనా వేస్తారు. తేడా పదుల మీటర్లలో ఉంటుంది. ఎవరైనా ఇల్లు మారి రౌటర్‌ను వెంట తీసుకెళ్తే, జాబితా సవరించే దాకా చుక్క వాళ్ల పాత వీధిలో పడవచ్చు.

వైఫై కూడా లేకపోతే సెల్ టవరే ఆధారం. ఊళ్లో తేడా వందల మీటర్లు ఉండవచ్చు. టవర్లు దూరంగా ఉండే పల్లెల్లో, హైవేల మీద కొన్ని కిలోమీటర్లకూ పెరుగుతుంది.

ఫోన్ ఆగిపోయినా, నెట్ అందకపోయినా యాప్ చివరిగా తెలిసిన చోటునే చూపిస్తుంది. స్కూల్ బస్సు చుక్క దారిలో కదలకుండా ఉండిపోవడానికి ఇదీ ఒక కారణం. అందుకే చుక్క అనవసరంగా భయపెట్టగలదు, అనవసరంగా ధైర్యమూ ఇవ్వగలదు.

చుక్కతో పాటు ఇవీ చూడండి

• వలయం: చాలా మ్యాపుల్లో చుక్క చుట్టూ లేత రంగు వలయం కనిపిస్తుంది. అది ఎంత పెద్దదైతే తేడా అంత ఎక్కువ.
• సమయం: లొకేషన్ ఎన్ని నిమిషాల క్రితం అప్‌డేట్ అయిందో గమనించండి.
• సెట్టింగులు: పిల్లల ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘లొకేషన్ యాక్యురసీ’, ఐఫోన్‌లో ఆ యాప్‌కు ‘ప్రిసైజ్ లొకేషన్’ ఆన్‌లో ఉంచండి. బ్యాటరీ సేవర్ వల్ల అప్‌డేట్లు ఆలస్యం కావచ్చు.
• ఫోన్ కాల్: అనుమానం వస్తే ముందు పిల్లలకో, ట్యూషన్ టీచర్‌కో, బస్సు ఇన్‌చార్జికో ఫోన్ చేయండి. చుక్కను మాత్రమే చూసి “ఎక్కడికెళ్లావు?” అని పిల్లల్ని నిలదీయకండి. అబద్ధం ఆడకుండానే దోషులుగా నిలబడితే, రేపు నిజం చెప్పడానికీ వెనకాడతారు.

చార్జింగ్ అయిపోతే ఏ యాప్ సాయమూ అందదు. అమ్మానాన్నల నంబర్లు, అత్యవసర నంబరు 112 పిల్లలకు నోటికి వచ్చేలా చేయండి. “నేను ఫలానా గుడి ఎదురుగా, మెడికల్ షాపు పక్కన ఉన్నాను” అని కొండగుర్తులతో చెప్పడం ఈ వారమే ఇంట్లో అలవాటు చేయించండి.