బోస్టన్ వీధుల్లో పాకం వరద: 21 మంది బలి

వరద అంటే నీరే అనుకుంటాం. ఏరు పొంగినా, చెరువు గట్టు తెగినా, ఊరి మీదికి వచ్చేది నీరే. కాని అమెరికాలోని బోస్టన్ నగరంలో 1919 జనవరి 15న వచ్చిన వరదలో నీరు లేదు. చక్కెర తీయగా మిగిలిన నల్లని పాకం పాతిక అడుగుల ఎత్తున లేచి వీధుల మీద విరుచుకుపడింది. 21 మంది దుర్మరణం పాలయ్యారు. సుమారు 150 మంది గాయపడ్డారు.

మిల్లుకు చెరకు తోలిన రైతులకు ఈ పాకం కొత్త కాదు. దీన్నే మొలాసిస్ అంటారు. దీన్ని పులియబెట్టి స్పిరిట్ తీస్తారు. చూడటానికి మెల్లగా కదిలే జిగురు పదార్థం. మనిషిని తరిమి చంపుతుందంటే ఎవరూ నమ్మరు. కాని దాని బరువు తక్కువది కాదు. ఒక బిందెలో పది కిలోల నీరు పడితే, అదే బిందెలో మొలాసిస్ పద్నాలుగు కిలోలు తూగుతుంది.

యుద్ధం తెచ్చిన తొందర

మొదటి ప్రపంచ యుద్ధం నాటి మాట. మందుగుండు తయారీకి స్పిరిట్ విపరీతంగా అవసరమైంది. ఆ వ్యాపారం చేసే కంపెనీ ఒకటి బోస్టన్ రేవు పక్కన, పేదలు కిక్కిరిసి ఉండే పేటలో, 1915లో పెద్ద ఉక్కు ట్యాంకు కట్టించింది. ఎత్తు 50 అడుగులు, అడ్డకొలత 90 అడుగులు. 23 లక్షల గ్యాలన్లు, అంటే 87 లక్షల లీటర్ల మొలాసిస్ అందులో పడుతుంది. చుట్టుపక్కల ఉన్నవారు ఎక్కువగా ఇటలీ నుంచి వలస వచ్చిన కూలీ కుటుంబాలు.

కట్టుబడి పని చూసిన పెద్దమనిషి ఇంజనీరు కాడు. కంపెనీ లెక్కలు, డబ్బు చూసే ఉద్యోగి. పాకం ఓడ వచ్చే రోజు దగ్గర పడింది. కొత్త ట్యాంకును నిండా నీటితో నింపి పరీక్షించాలి. ఆయన అడుగున ఆరు అంగుళాల నీరు పోయించి, సరిపోయిందనిపించాడు.

ట్యాంకు మొదటినుంచీ కారింది. అతుకుల వెంట పాకం జారుతుంటే పేట పిల్లలు డబ్బాలు తెచ్చి పట్టుకుపోయేవారు. అక్కడ పనిచేసే మనిషి పైవారికి మొరపెట్టుకున్నాడు. కంపెనీ ఏం చేసింది? ట్యాంకుకు గోధుమ రంగు వేయించింది. కారిన పాకం ఆ రంగులో కలిసిపోయి కంటికి కనిపించడం మానేసింది.

భోజనాల వేళ

దుర్ఘటనకు రెండు మూడు రోజుల ముందు ఓడలో వచ్చిన వెచ్చని పాకాన్ని ట్యాంకులో ఉన్న చల్లని పాకం మీద నింపారు. ట్యాంకు దాదాపు నిండింది. గడ్డకట్టే చలి తగ్గి, 15వ తేదీన కాస్త ఎండ కాసింది. మధ్యాహ్నం సుమారు 12.40 గంటలకు, పక్కనున్న మునిసిపల్ యార్డులో పనివారు భోజనం చేస్తుండగా, ట్యాంకు ఒక్కసారిగా చీలిపోయింది.

పాకం గంటకు 35 మైళ్ల వేగంతో దూసుకువచ్చిందని లెక్క. ఇళ్లు పునాదులతో సహా కదిలిపోయాయి. ఎత్తున స్తంభాల మీద వేసిన రైలుమార్గపు ఇనుప దూలాలు వంగిపోయాయి. అగ్నిమాపక కేంద్రం కుప్పకూలగా సిబ్బంది శిథిలాల కింద ఇరుక్కున్నారు. వారిలో ఒకరు పాకంలో మునిగి ప్రాణాలు విడిచారు. చనిపోయినవారిలో పదేళ్ల పిల్లలు ఇద్దరు. బండ్లు లాగే గుర్రాలు కూడా చచ్చిపోయాయి.

మొదట సాయానికి దూకినవారు రేవులో ఉన్న శిక్షణ నౌకలోని కుర్రాళ్లు. మోకాళ్ల లోతు పాకంలో కాళ్లు పీకి కాళ్లు వేస్తూ మనుషులను బయటికి లాగారు. వరద నీరైతే తీసిపోతుంది. ఇది తీయలేదు. పొద్దు వాలి చలి పెరిగేకొద్దీ పాకం ఇంకా బిగుసుకుంది. చిక్కుకున్నవారికి ఊపిరి ఆడలేదు. చివరి మృతదేహం దొరికేసరికి నెలలు పట్టింది. సముద్రపు నీటితో వీధులు కడిగితే రేవు నీరు గోధుమ రంగుకు తిరిగింది.

బాంబు పెట్టారన్న కంపెనీ

బాధితులు కోర్టుకు వెళ్లారు. ట్యాంకులో లోపం లేదనీ, అరాచకవాదులు బాంబు పెట్టారనీ కంపెనీ వాదించింది. ఆ రోజుల్లో అక్కడ బాంబు దాడులు జరుగుతూనే ఉండటంతో వినేవారికి అది నమ్మదగ్గ మాటలాగే తోచింది. వందకు పైగా దావాలను కలిపి, హ్యూ ఆగ్డెన్ అనే న్యాయవాదికి విచారణ అప్పగించారు. వందల మంది సాక్షులను ఆయన ఏళ్ల తరబడి విన్నారు. బాంబు ఆనవాలు ఎక్కడా లేదని, తప్పు బలహీనమైన ట్యాంకుదేనని 1925లో తేల్చారు. కంపెనీ 6 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం చెల్లించవలసి వచ్చింది.

తర్వాతి కాలపు ఇంజనీర్లు లెక్కలు తిరగవేసి చూశారు. ట్యాంకు రేకులు ఉండవలసిన మందం కన్నా చాలా పలచన. ఆ ఉక్కులో మాంగనీసు తక్కువ, అందువల్ల చలికి పెళుసు. రివెట్ల రంధ్రాల దగ్గర మొదలైన పగులు గోడంతా పాకింది.

చట్టానికి దారి

ఈ దుర్ఘటన తర్వాత బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలోనూ, క్రమంగా ఇతర రాష్ట్రాల్లోనూ నిబంధనలు బిగించారు. పెద్ద కట్టడం ఏదైనా సరే, అర్హత గల ఇంజనీరు నక్షా చూసి, లెక్కలు సరిచూసి సంతకం చేయాలి. ఆ సంతకానికి అతడే జవాబుదారీ.

పేట వారికి ప్రమాదం చెప్పాపెట్టకుండా రాలేదు. మూడు సంవత్సరాలు కళ్లముందే కారింది. పిల్లలు డబ్బాలు పట్టారు, పనివాడు చెప్పాడు, కంపెనీ రంగు వేసింది. కారుతున్న చోట రంగు వేసేవారిని ఆనాడే నిలదీసే అధికారి ఒక్కడున్నా ఆ 21 మంది బతికేవారు.